రాజభవనంలో బడిపంతులు

"బ్రతకలేక బడిపంతులు" అన్న సామెత మన భాషలో ఏనాడు పుట్టినదో గాని, దానిలోని వెటకారం మాత్రం ఈనాటికీ చావలేదు. దానికి విరుగుడుగా మనం మరొక మాటను కల్పించుకున్నాము. ఏటా సెప్టెంబరు 5వ తేదీన ప్రతి పాఠశాలలోను, ప్రతి కళాశాలలోను వేదికనెక్కిన వక్తలు ఆ మాటను చెప్పక మానరు. "బడిపంతులని చులకనగా చూడకండి; బడిపంతులు గవర్నరు కాగలడు, రాష్ట్రపతి కాగలడు" అంటారు. సభలోని ఉపాధ్యాయులు చప్పట్లు చరుస్తారు. నేనూ అనేకసార్లు చరిచాను. ఐతే ఆ మాటను కొంచెం నిలిపి చూస్తే, పాత సామెతకూ దానికీ ఉన్న తేడా పైపైదేనని తోస్తుంది. బ్రతుకు తెరువు దొరకనివాడు చేరుకొనే చోటు బడి అని మొదటిది అంటున్నది. పై అంతస్తుకు పోదలచినవాడు కాలుపెట్టే మెట్టు బడి అని రెండవది అంటున్నది. రెండింటిలోను బడి క్రిందనే ఉన్నది!

ఈ రెండవ మాటకు సాక్ష్యంగా మన వక్తలు ఇద్దరు మహనీయుల పేర్లు చెబుతారు. ఒకరు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. వేరొకరు డాక్టర్ జాకిర్ హుస్సేన్. మొదటివారి పేరిట మనకొక పండుగే ఉన్నది గనుక వారి సంగతి పిల్లలకు కొంతైనా తెలుసు. రెండవవారి గురించి మన పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించేది ఒక పదవుల పట్టిక మాత్రమే: 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి. ఈ తేదీలన్నీ సత్యమే. కాని ఈ పట్టికను మాత్రమే చదివిన విద్యార్థి ఆ మనిషిని అసలు చూడనే లేదని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. 1926 నుంచి 1948 వరకు 22 సంవత్సరాలు ఆయన జామియా మిలియా ఇస్లామియా విద్యాపీఠానికి వైస్ ఛాన్సలరు. 1948 నుంచి 1956 వరకు మరి 8 సంవత్సరాలు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. మొత్తం 30 ఏండ్లు విద్యాలయాలలో గడిచిపోయినవి. ఇక 1957 జూలైలో పాట్నా రాజభవనంలో ప్రవేశించిన నాటినుంచి 1969 మే 3న రాష్ట్రపతిగా కన్నుమూసిన నాటివరకు పదవుల కాలం నిండా పన్నెండేండ్లు లేదు. ముప్పై ఏండ్ల పనిని ఒక వాక్యంలోను, పన్నెండేండ్ల పదవులను ఒక పేజీలోను వ్రాసే చరిత్ర, మనం దేనిని గౌరవిస్తున్నామో చెప్పకనే చెబుతున్నది.

ఆ ముప్పై ఏండ్లలో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి మొదట మన హైదరాబాదుకే రావాలి. జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తర హిందూస్థానంలోని కాయంగంజ్ నుంచి ఇక్కడికి వచ్చి న్యాయవాదిగా పేరు గడించినవాడు. 1907లో ఆయన మరణించడంతో కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరుకున్నది. 1911లో ప్లేగువ్యాధి తల్లిని కూడా తీసుకుపోయినది. పద్నాలుగేండ్లకే తల్లిదండ్రులు లేనివాడైన ఆ బాలుడు ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలోను, తర్వాత అలీగఢ్ కళాశాలలోను చదువు సాగించాడు. ఆ అన్నదమ్ములలో ముగ్గురు విద్యారంగంలోనే పేరు పొందడం విశేషం. తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. మరొక తమ్ముడు మహమూద్ హుస్సేన్ దేశవిభజన తర్వాత పాకిస్తానులో విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలరైనారు.

1920 అక్టోబరులో గాంధీజీ, ఆలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాలయాలను విడనాడవలసిందని విద్యార్థులకు పిలుపునిచ్చారు. అప్పటికి జాకిర్ హుస్సేన్ వయస్సు 23. ఎం. ఏ., న్యాయశాస్త్రం చదువుతూనే అదే కళాశాలలో కొంత బోధన కూడా చేస్తున్నవాడు. తండ్రివలె న్యాయవాది కావచ్చు. సర్కారు కొలువులో చేరవచ్చు. ఆ దారులన్నీ వదలి బయటికి వచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకడు. 1920 అక్టోబరు 29న స్థాపితమైన జామియా మిలియా అట్టివారి బలంతోనే నిలిచింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బ్రతకలేక బడిపంతులైనవాడు కాదాయన. బ్రతకడానికి దారులు తెరచి ఉండగా, వాటిని కాదని బడిపంతులైనవాడు.

1922లో ఉన్నత విద్యకై జర్మనీ వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ సోంబార్ట్ వద్ద అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. చదువుతోపాటు అక్కడ మరి రెండు పనులు చేశారు. మహాత్ముని సందేశాన్ని జర్మనులకు తెలిపే గ్రంథాన్ని ఒక జర్మను మిత్రునితో కలిసి ప్రకటించారు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవానును అందంగా అచ్చువేయించారు. చేతి నైపుణ్యం చదువులో భాగం కావాలని వాదించిన జర్మను విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు కూడా ఆయన మనస్సుకు హత్తుకున్నవి.

ఇంతలో స్వదేశంనుంచి వచ్చిన వార్త ఏమిటంటే, డబ్బు లేక జామియా మూతపడబోతున్నదని. ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయింది. దానితోపాటు చందాలూ చల్లారినవి. ఆనాడు డాక్టరేటు చేతబట్టుకొని వచ్చిన యువకునికి దేశంలో ఎక్కడైనా మంచి ఉద్యోగం దొరికి ఉండేది. ఐనా ఆయన తాను, తన మిత్రులు తమ జీవితాలను జామియాకే ధారపోయడానికి సిద్ధంగా ఉన్నామనీ, తాము వచ్చేవరకు దానిని మూయవద్దనీ హకీం అజ్మల్ ఖాన్‌కు కబురు పంపారు. అబిద్ హుస్సేన్, మొహమ్మద్ ముజీబ్ అన్న ఇద్దరు మిత్రులతో కలిసి 1926లో తిరిగివచ్చి, అలీగఢ్ నుంచి ఢిల్లీకి తరలించబడిన ఆ విద్యాపీఠం భారాన్ని 29వ ఏట నెత్తికెత్తుకున్నారు.

మరుసటి ఏడు ముగిసేలోపలే అజ్మల్ ఖాన్ మరణించారు. ఆదుకొనే పెద్దదిక్కు పోయినది. అప్పుడు 1928లో ఆయన, ఆయన సహోపాధ్యాయులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై సంవత్సరాలపాటు ఈ సంస్థను విడవకుండా పనిచేస్తామని, నెలకు 150 రూపాయలకు మించి జీతం పుచ్చుకోమని ఆ ప్రతిజ్ఞ సారాంశం. 150 అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. చేతికి వచ్చేది అంతకన్న తక్కువే. అదీ నెలనెలా వస్తుందన్న నమ్మకం లేదు. జామియా ఇచ్చే పట్టానికి ఆనాటి ప్రభుత్వం గుర్తింపు కూడా లేదు. జీతం లేని ఉపాధ్యాయులు, కొలువు దొరకని పట్టాలు, సొంత గూడు లేని విద్యాలయం! దానిని ఇరవై ఏండ్లకు పైగా నడపడం ఎంతటి పనియో, జీతం రెండు నెలలు ఆలస్యమైతే ఇంటిలో ఏమౌతుందో ఎరిగిన ఉపాధ్యాయులకు నేను వివరించనక్కరలేదు.

ఆయన ఎట్టి ఉపాధ్యాయుడో చెప్పడానికి జామియా వారు నేటికీ చెప్పుకొనే సంగతులు రెండు ఉన్నవి. విద్యార్థులు మురికి బూట్లతో వస్తూ, ఎంత చెప్పినా వినకపోతే, ఒకనాడు ఆయనే పాలిషు, బ్రష్షు పట్టుకొని ద్వారం దగ్గర కూర్చున్నారట. వచ్చిన విద్యార్థి బూట్లనల్లా తుడవడానికి సిద్ధపడేసరికి పిల్లలు సిగ్గుతో తల వంచుకున్నారు. ఆ మర్నాటినుంచి ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. రెండవ సంగతి మనస్సును కలచివేసేది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయిలు పంచుతూ ఉండగా, ఇంటివద్ద ఆయన చిన్న కుమార్తె రెహానా మరణించిందన్న వార్త చెవిలో వేశారు. ఆయన ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. పంపకం పూర్తి అయ్యేవరకు అక్కడే ఉన్నారు. తర్వాత ఎవరో అడిగితే, పిల్లలు అంత సంతోషంగా ఉంటే దానిని చెడగొట్టడానికి మనసొప్పలేదన్నారట. ఈ పని తండ్రిగా సరియైనదా కాదా అని వాదించేవారు వాదించవచ్చు. నేను వాదించను. పరాయి పిల్లల నవ్వు ఎంత విలువగలదో ఎరిగినవాడే ఉపాధ్యాయుడు అన్న సత్యం మాత్రం దీనివల్ల తెలుస్తున్నది.

1935 మార్చి 1న ఓఖ్లా గ్రామంలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగినది. దేశంలో మహానాయకులెందరో ఉండగా, ఆ రాతిని పెట్టించినది బడిలో అందరికంటె చిన్నవాడైన పిల్లవాని చేత. మనవద్ద పాఠశాలకు ఒక గది కట్టినా శిలాఫలకం మీద పేరు కోసం జరిగే పోటీని చూసేవారికి ఆ చిన్న చేతి గొప్పతనం తెలుస్తుంది.

ఇక దేశమంతటికీ ఆయనను పరిచయం చేసిన ఘట్టం వార్ధాలో జరిగింది. 1937 అక్టోబరులో గాంధీజీ తన విద్యా ప్రణాళికను విద్యావేత్తల ముందుంచారు. చదువు చేతిపని చుట్టూ అల్లుకొనాలి, మాతృభాషలో సాగాలి, పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతోనే ఉపాధ్యాయుని జీతం రావాలి. ఇదీ ఆ ప్రణాళిక. గాంధీజీ ఎదుట కూర్చుని కాదనడం ఆనాడు సామాన్య విషయం కాదు. జాకిర్ హుస్సేన్ ఆ పని చేశారు. చేతిపని ద్వారా విద్య అన్న భావం మంచిదే గాని పూర్తిగా కొత్తది కాదని, జీతం కోసం పిల్లల పని మీద ఆధారపడితే ఉపాధ్యాయుడు బానిసలను తోలే యజమానిగా మారే ప్రమాదం ఉన్నదని నిర్మొహమాటంగా హెచ్చరించారు. గాంధీజీ ఏమి చేశారు? అలా కాదన్న మనిషినే ప్రణాళికను రూపొందించే సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు! ఆ హెచ్చరిక చేసినవాని గొప్పతనమూ, దానిని విన్నవాని గొప్పతనమూ రెండూ ఇందులో ఉన్నవి.

వినోబా, కాకా కాలేల్కర్, జె. సి. కుమారప్ప, సైయిదైన్ వంటివారు సభ్యులుగా ఉన్న ఆ సంఘం అదే సంవత్సరం డిసెంబరులో నివేదిక ఇచ్చినది. ఏడు నుంచి పద్నాలుగేండ్ల వరకు ఏడు సంవత్సరాల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని కేంద్రంగా మిగిలిన పాఠాలన్నీ దానికి అనుసంధానం కావడం దాని ముఖ్యాంశాలు. అయిదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు చేతిపనికే కేటాయించారు. ఇది మరీ ఎక్కువని అన్నవారు ఆనాడూ ఉన్నారు. నేనూ అదే అంటాను. ఐతే వారి ఉద్దేశం పిల్లలను నేతగాళ్ళనో వడ్రంగులనో చేయడం కాదు. దారం ఎక్కడిదని అడిగితే ప్రత్తి పండే నేల సంగతి రావాలి. ఎన్ని గజాలని అడిగితే లెక్కలు రావాలి. ఎవరు నేశారని అడిగితే చరిత్ర రావాలి. చేతిలో ఉన్న పని నుంచి మనస్సులో ప్రశ్న పుట్టాలన్నదే వారి ఆశయం. 1938లో హరిపుర కాంగ్రెసు ఈ విద్యా విధానాన్ని ఆమోదించినది.

దీని తర్వాతి కథ మన పెద్దలకు తెలిసినదే. బేసిక్ పాఠశాలలని బోర్డులు మారినవి. బేసిక్ ట్రైనింగు స్కూళ్ళు వెలిసినవి. తకిలీలు, రాట్నాలు వచ్చినవి. అసలు ప్రశ్న మాత్రం రాలేదు. తకిలీ ఒక పీరియడుగా మారి, ఇన్‌స్పెక్టరు గారి రాకనాడు తిరిగి, ఆయన వెళ్ళగానే మూలబడినది. పల్లెలలోని పేదపిల్లలకు ఈ చదువు, పట్టణాలలోని కలవారి పిల్లలకు ఇంగ్లీషు చదువు అన్నట్లు రెండు దారులైనవి. చివరకు 1964-66 నాటి కొఠారీ కమిషను దగ్గరకు వచ్చేసరికి అది "పని అనుభవం" అన్న పేరుతో మిగిలినది.

ఇప్పుడు రాజభవనం సంగతికి వద్దాము. దేశవిభజన జామియాను వదలలేదు. 1946 నవంబరులో రజతోత్సవం జరిగినప్పుడు నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ ఆలీ వంటి నాయకులను ఒకే వేదికపై కూర్చుండబెట్టి, దేశంలో రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పవలసిందని జాకిర్ హుస్సేన్ వేడుకున్నారు. ఈ నిప్పు ఎవరు పెట్టారన్న విచారణ తర్వాత, ముందు ఆర్పండి అన్నదే ఆ మాటల సారం. ఆ వేడుకోలు ఫలించలేదు. మరుసటి ఏడు జలంధరు రైల్వేస్టేషనులో ఆయన ప్రాణమే పోవలసినది. ఆ దినాన ఆయనను కాపాడినవారిలో సిక్కులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తక ప్రచురణశాల అగ్నికి ఆహుతి అయినది. ఇంత జరిగినా మనస్సు విరగని మనిషి గనుకనే, 1948లో అనుమానాలకూ భయాలకూ నిలయమైన అలీగఢ్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే పని ఆయనకు అప్పగించారు. అదే కాలంలో రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘంలో ఆయన సభ్యులు. 1952లో రాజ్యసభకు నామినేటు అయినారు. 1957 జూలై 6న బీహారు గవర్నరు పదవిని స్వీకరించారు.

మన రాజ్యాంగం ప్రకారం గవర్నరు మంత్రివర్గం సలహా మీద నడవవలసినవాడు. ఆజ్ఞాపించడంకన్న సలహా చెప్పడం, వాదించడంకన్న వినడం ఆ పదవికి తగిన గుణాలు. ఆలోచిస్తే ఇవి మంచి ఉపాధ్యాయుని గుణాలే. ఏ ఉపాధ్యాయుడూ చదువును బలవంతంగా తలలోకి ఎక్కించలేడు. ఎదుటివానిలో కోరిక పుట్టించడం ఒక్కటే ఆయన చేయగలిగినది. శ్రీకృష్ణ సిన్హా వంటి హేమాహేమీ ముఖ్యమంత్రిగా ఉన్న రాష్ట్రంలో గవర్నరుగా అయిదేండ్లు గౌరవంతో నెగ్గుకువచ్చారంటే, అది బడిలో అలవడిన ఓర్పు వల్లనే. గవర్నరు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఛాన్సలరు గనుక చదువుతో ముడి పూర్తిగా తెగలేదు. ఆయన కాలంలోనే 1960లో భాగల్పూరు, రాంచీ విశ్వవిద్యాలయాలు, 1961లో దర్భంగాలో సంస్కృత విశ్వవిద్యాలయం వెలసినవి. రాజభవనంలో ఉండగానే సర్దార్ పటేల్ స్మారకోపన్యాసాలలో భారతీయ విద్యా పునర్నిర్మాణాన్ని గురించి ప్రసంగించారు. వెళ్ళిన చోటనల్లా గులాబీలు పెంచే అలవాటు ఆయనది. రాజభవనం ఆయనను మార్చలేదు.

కాని ఇక్కడే నాకొక బాధ ఉన్నది. దానిని చెప్పడానికే ఈ వ్యాసం.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగపు 45వ అధికరణం, పదేండ్లలోగా పద్నాలుగేండ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కల్పించడానికి ప్రభుత్వం యత్నించాలని నిర్దేశించింది. ఆ గడువు 1960 జనవరితో ముగిసింది. పిల్లలందరూ బడికి రాలేదు. ఆ దినాన, ఇరవై రెండేండ్ల క్రితం ఆ చదువుకే ప్రణాళిక వ్రాసి ఇచ్చిన మనిషి పాట్నా రాజభవనంలో ఉన్నారు. పిల్లలకు విద్య హక్కుగా చట్టంలోకి రావడానికి 2009 వరకు, అమలు కావడానికి 2010 ఏప్రిల్ 1 వరకు ఆగవలసివచ్చింది. వార్ధా నివేదిక నాటినుంచి చూస్తే ఇది డెబ్బది ఏండ్లకు పైబడిన నిరీక్షణ. అయిదవ తరగతి వరకైనా వీలున్నంత మేరకు ఇంటిభాషలో బోధించాలనీ, చేతిపనులను చదువులో కలపాలనీ 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పినప్పుడు, అది ఏదో కొత్త సంగతి అన్నట్లు మనలో చాలామంది చర్చించుకున్నాము.

దీనికి బాధ్యుడు జాకిర్ హుస్సేన్ అని నేను అనడం లేదు. గవర్నరుకు బడులు పెట్టే అధికారం లేదు. నేననేది మన సంగతి. మనం మనిషికి పూలదండ వేసి, ఆయన మాటను మూలగదిలో పెట్టాము. నివేదిక వ్రాసినవానిని పల్లకిలో ఎక్కించాము. నివేదికను అటక ఎక్కించాము. పెద్దమనిషిని గౌరవించామన్న తృప్తిలో ఆయన అడిగినది ఇవ్వలేదన్న సంగతి మరచిపోయాము. గౌరవమనేది ఒక్కొక్కప్పుడు అప్పు ఎగవేయడానికి మంచి ఉపాయం.

గవర్నరు పదవికి యోగ్యులు దేశంలో అనేకులు ఉంటారు గాని బడిని కట్టగలవారు కొద్దిమందే గదా, ఆయనను బడిలోనే ఉండనిస్తే మంచిదయ్యేది కాదా అని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నలో సగం న్యాయం ఉన్నది. తక్కిన సగం ఏమిటంటే, విభజన గాయం ఆరని ఆ దినాలలో అట్టి మనిషి అట్టి స్థానంలో ఉండడమే దేశానికొక పాఠం. 1967 రాష్ట్రపతి ఎన్నికను చూడండి. ఒకవైపు హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్. వేరొకవైపు రాజమహేంద్రవరంలో పుట్టిన మన తెలుగువాడు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు. 4,71,244 ఓట్లు ఒకరికి, 3,63,971 ఓట్లు మరొకరికి వచ్చినవి. ఇద్దరూ పెద్దవారే. ఆ ఎన్నికతో ముస్లిం ఒకరు మొట్టమొదటిసారి రాష్ట్రపతి అయినారు. కనుక ఆయన పదవులు వృథా అనలేము. అవి ఆయన వేసిన చెట్టుకు కాసిన పండ్లు. చెట్టు మాత్రం బడిలోనే ఉన్నది.

ఆయన పిల్లలకోసం ఉర్దూలో కథలు కూడా వ్రాశారు. వాటిలో "అబ్బూఖాన్ మేక" అన్నది ప్రసిద్ధమైనది. చాందినీ అన్న మేక స్వేచ్ఛ కోరి కొట్టాన్ని విడిచి కొండకు పోతుంది. రాత్రి తోడేలు ఎదురౌతుంది. ఓడిపోతానని తెలిసికూడా తెల్లవారేవరకు పోరాడి పడిపోతుంది. చెట్టుమీది పక్షులు తోడేలే గెలిచిందంటే, ఒక ముసలి పక్షి మాత్రం మేకే గెలిచిందంటుంది. బేసిక్ విద్య కథను తలచుకున్నప్పుడల్లా నాకు ఈ కథ జ్ఞాపకం వస్తుంది. ఫైళ్ళు గెలిచినవనే లోకం అంటుంది. ఐతే పిల్లవానితో ఒక విత్తు నాటించి, అది మొలకెత్తగానే లెక్కలూ మాటలూ దాని చుట్టూ అల్లి చెప్పే ఉపాధ్యాయుడు ఏదో ఒక మారుమూల బడిలో ఉన్నంతకాలం, ముసలి పక్షి మాటే నిజమని నేను నమ్ముతాను.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈసారి సెప్టెంబరు 5న జాకిర్ హుస్సేన్ పేరు చెప్పవలసివస్తే, పాట్నా రాజభవనంతో మొదలుపెట్టవద్దు. 150 రూపాయలకు మించని జీతంతో, ఇరవై ఏండ్ల ప్రతిజ్ఞతో మొదలుపెట్టండి. గాంధీజీ ఎదుట కాదనగలిగిన ధైర్యంతో మొదలుపెట్టండి. ఒక చిన్న పిల్లవాని చేత వేయించిన పునాదిరాయితో మొదలుపెట్టండి. "ఉపాధ్యాయుడు గవర్నరు కాగలడు" అన్న మాటకు బదులు, "గవర్నరు అయినా ఆయన ఉపాధ్యాయుడుగానే ఉండగలిగాడు" అనండి. ఈ రెండు వాక్యాలకూ మధ్య ఉన్న దూరం బడికీ అంగడికీ మధ్య ఉన్న దూరమంత!

విద్యార్థులకు చెప్పవలసినది ఇంతకన్న చిన్నది. మీలో కొందరు పెద్ద పదవులకు పోతారు, పోవాలి కూడా. ఎంత పైకి వెళ్ళారన్నది లోకం లెక్క వేస్తుంది. వెళ్ళిన చోటికి మీ బడినుంచి ఏమి తీసుకుపోయారన్నది మీరే లెక్క వేసుకోవాలి.

1969 మే 3న రాష్ట్రపతి పదవిలో ఉండగానే డాక్టర్ జాకిర్ హుస్సేన్ మరణించారు. పదవిలో ఉండగా కాలధర్మం చెందిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఆయన భౌతికకాయాన్ని ఖననం చేయడానికి ఢిల్లీలో ఏ రాజఘట్టాన్నీ వెదకలేదు. ఓఖ్లాలో తాను కట్టిన జామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉన్నది. ఒకనాడు మూతపడబోయిన ఆ విద్యాలయం 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయినది. ఏటేటా కొత్త పిల్లలు పుస్తకాలు పట్టుకొని ఆ ఆవరణలో తిరుగుతూ ఉంటారు. రాజభవనాలన్నీ చూచి వచ్చిన బడిపంతులు చివరకు తన బడికే చేరుకున్నాడు.